కాక సాలన్న రోజు

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కావు, కరోనా మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగి, ఇక జేబులోకి పోదామా వద్దా అని తటపటాయిస్తున్న రోజుల్లో, లోకంలోని ఏ తగాదానైనా ఒక మీటింగ్ పెట్టి తీర్చేయవచ్చునని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ వయసులో ఒకడికి ప్రేమ మీద నమ్మకం ఉంటుంది, ఇంకొకడికి విప్లవం మీద ఉంటుంది. నాకు మీటింగ్ మీద ఉండేది. ముందు ఎజెండా పంపాలి, తర్వాత మినిట్స్ పంపాలి, ఈ రెండూ వేళకి జరిగితే మధ్యలో ఏం జరిగినా ఫర్వాలేదని మనస్ఫూర్తిగా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే నవ్వొస్తుంది. అది పూర్తిగా నవ్వు కాదనుకోండి, ఆ సంగతే చెబుతాను.

మాది కాకినాడ వైపు. పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, నీళ్లు పరీక్ష చేసే ల్యాబుల్లో కొన్నాళ్లు సీసాలు కడిగి, ఒక సీనియర్ పుణ్యమా అని ఎమిరేట్స్‌లోని ఒక పరిశోధన కేంద్రంలో కోఆర్డినేటర్ ఉద్యోగంలో పడ్డాను. (మా అమ్మ ఇప్పటికీ చుట్టాలతో "మావాడు దుబాయ్‌లో వాతావరణం చూసుకుంటాడు" అనే చెబుతుంది. మా ఊళ్లో ఎండలు మండిపోయిన ఒక ఏడాది మా పెదనాన్న ఫోన్ చేసి, అటునుంచి కాస్త తగ్గించడానికి వీలవుతుందేమో చూడమన్నాడు కూడా.) షార్జాలో రోలా దగ్గర ఒక ఫ్లాటులో, కర్టెన్ అడ్డం కట్టిన సగం గదిలో నా మంచం. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సులో ఆ ఇస్త్రీ అంతా పోగొట్టుకుని, అల్ ఖూజ్‌లోని గోదాముల మధ్య దిగేవాణ్ణి. మెళ్లో ఐడీ కార్డు. కార్డు మీద నా పేరు కంటే 'కోఆర్డినేటర్' అన్న మాట పెద్దగా ఉండేది. అది నాకు న్యాయంగానే తోచేది.

మా ప్రాజెక్టు పేరు ఒక్క గుక్కలో చదవగలిగినవాణ్ణి నేను చూడలేదు. సంగతి మాత్రం చిన్నదే. ఎండలో పనిచేసే మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది, ఎంతవరకు భరిస్తాడు, ఎక్కడ ఆపాలి. అది తేలితే కంపెనీలకి చెప్పి, సైట్ల మీద మనుషులు పడిపోకుండా చూడొచ్చు. మంచి పనే, కాదనను. దానికోసం గోదాములో ఒక పాత కంటైనర్ నిలబెట్టి, లోపల హీటర్లూ, ఆవిరి వదిలే మిషనూ, ఎక్కి దిగడానికి ఒక చెక్క మెట్టూ అమర్చారు. ఒక పక్క గాజు కిటికీ, లోపలి మాట బయటికి, బయటి మాట లోపలికి వినబడేలా మైకూ స్పీకరూ. దానికి మేం పెట్టుకున్న శాస్త్రీయమైన పేరు ఇంకోటి ఉంది కానీ, పరీక్షకి వచ్చే కూలీలు మొదటి రోజే 'తందూర్' అన్నారు, అదే స్థిరపడిపోయింది. బయట ఆగస్టు ఎండకి తారు రోడ్డు మెత్తబడుతుంటే, లోపల మేం కరెంటు పెట్టి వేడి పుట్టించేవాళ్లం. బయటి ఎండ రోజుకో రకంగా ఉంటుంది, దానికి క్రమశిక్షణ లేదని మా పెద్ద సైంటిస్టు అభిప్రాయం.

ఆ పెద్ద సైంటిస్టుని మేం చాటుగా డిగ్రీల సారు అనేవాళ్లం. పేరు వెనకుండే డిగ్రీలూ, రోజంతా కొలిచే డిగ్రీలూ కలిసి వచ్చిన పేరది. లక్నో మనిషి, స్క్రీన్ మీది గీత తప్ప మరేదీ నమ్మడు. రెండోవారు ప్రశ్నల మేడమ్. ఈజిప్టు ఆవిడ, సమాజశాస్త్రం. భోంచేశారా అని పలకరిస్తే, భోజనమంటే నీ ఉద్దేశమేమిటని అడిగే రకం, కానీ మనసు వెన్న. మూడోవారు మా సిస్టరక్క. పాలకొల్లు దగ్గర ఊరు, ఏళ్ల తరబడి ఇక్కడి ఆస్పత్రుల్లో నర్సు, మా ప్రాజెక్టుకి మనుషుల ఒళ్లు చూడటానికి వచ్చింది. నన్ను తమ్ముడూ అనేది, మందలించాల్సి వస్తే ఏవండీ కోఆర్డినేటర్ గారూ అనేది. నాలుగోవాడు ఉస్తాద్. బీహార్ మనిషి, తందూర్ స్విచ్చులన్నీ అతని చేతిలోనే. పూర్వాశ్రమంలో ఏసీ మెకానిక్కు. "జిందగీ భర్ ఠండా కియా సాబ్, అబ్ గరమ్ కర్ రహా హూఁ" అని నిట్టూర్చేవాడు. వీళ్లందరినీ ఒక తాటి మీద నడిపించడం నా పని. ఎవరు పట్టిన కుందేలుకి వారు మూడే కాళ్లనేవారు, నేను ఆ కాళ్లన్నీ కూడి, సరాసరి తీసి మినిట్స్‌లో రాసేవాణ్ణి.

ఉదాహరణకి 'స్ట్రెస్' అన్న మాట. డిగ్రీల సారుకి అది గాలిలో ఉండే వేడి. సిస్టరక్కకి అది మనిషి గుండె దడ. ప్రశ్నల మేడమ్‌కి అది మనిషి దిగులు. మేడమ్ తరఫున నేనొకసారి కూలీలుండే క్యాంపులో ఒకతన్ని "మీకు స్ట్రెస్ ఉందా?" అని అడిగితే, "ఉన్నది సారూ, పై మంచపోడు గుర్రు వెడతడు" అన్నాడు. ఆ జవాబు ఎవరి శాస్త్రంలోకీ ఇమడలేదు. అందుకని నేను మీటింగుల మీద మీటింగులు పెట్టి, మా నలుగురికీ ఉమ్మడిగా ఒక పదకోశం తయారుచేశాను. అందులో ఇంగ్లిషు మాట ఒక్కటి వదల్లేదు, ప్రతిదానికీ అందరూ ఒప్పుకున్న అర్థం రాశాం. డైరెక్టరు గారు చూసి చాలా మెచ్చుకున్నారు. హిందీ మాటల మీదా, తెలుగు మాటల మీదా కూడా పోట్లాడి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

అసలు తగాదా, తందూర్‌లోకి వెళ్లిన మనిషిని ఎప్పుడు బయటికి తేవాలన్న దాని మీద వచ్చింది. ఒంటి వేడి ఫలానా అంకె దాటినప్పుడు అన్నారు డిగ్రీల సారు. "అంకె దాటేదాకా ఏంటండీ బాబూ, మొహం చూస్తే తెలీదా?" అంది సిస్టరక్క. అంకె మీది, మొహం చదివేది ఆవిడ, మరి ఆ మనిషి మాటకి చోటెక్కడ అని ప్రశ్నల మేడమ్ నిలదీసింది. ఎథిక్స్ కమిటీ కూడా మేడమ్ పక్షమే. మనిషి తన నోటితో, తన భాషలో ఒక్క మాట అంటే తక్షణం ఆపేయాలని తీర్మానమైంది. 'ఖలాస్' అని పెట్టుకుందాం, ఇక్కడ అందరికీ తెలిసిన మాటే కదా అన్నాను. కష్టంలో ఉన్న మనిషి నోట తల్లి భాషే వస్తుందని మేడమ్ ఒప్పుకోలేదు. "పైగా ఖలాస్ అంటే వీళ్లకి వీసా పోవడం తమ్ముడూ, ఆ మాట తనకి తాను ఎవడంటాడు?" అని సిస్టరక్క వత్తాసు పలికింది. అలా తెలుగువాళ్లకి 'చాలు' ఖాయమైంది. వాళ్ల సంతకం తీసుకునే కాగితం మీద 'చాలు అనండి, ఆపేస్తాం' అని నేనే పెద్ద అక్షరాలతో రాశాను. ఇక ఆ మీటింగుకి ఉస్తాద్‌ని పిలవలేదు, టెక్నీషియన్లని పిలిచే ఆచారం లేదు. నేనే స్విచ్చుల దగ్గరికి వెళ్లి నా కాకినాడ హిందీలో తీర్మానం వినిపించాను. అతను ఒక్క క్షణం నా మొహంలోకి జాలిగా చూసి, ఎంతో మర్యాదగా "ఠీక్ హై సాబ్" అన్నాడు.

ఇంకోటి చెప్పడం మరిచాను. ఒంటి లోపలి వేడి తెలియడానికి మనిషి ఒక మాత్ర మింగాలి. అది కడుపులో కూర్చుని బయటి యంత్రానికి అంకెలు పంపుతుంది. క్యాంపులో దీని మీద ఒక పుకారు లేచింది, అది మాత్ర కాదు మైకు అనీ, కడుపులోంచి వీసా ఇచ్చిన కఫీల్‌కి అన్నీ వినబడతాయనీ. అది మింగిన రోజు మనుషులు కంపెనీ మేనేజరైన ముదీర్‌ని తిట్టుకోవడం కూడా మానేసేవారు. మాత్ర బయటికి పోయిందని నమ్మకం కుదిరాక ఒకేసారి బాకీ తీర్చుకునేవారు. (సిస్టరక్క వాళ్లని కూర్చోబెట్టి, "అందులో అంత సీన్ లేదు బాబూ, మీ కడుపు మాట మీకే సరిగ్గా వినబడదు" అని నచ్చజెప్పేది.) అప్పటిదాకా వచ్చిన తెలుగువాళ్లలో ఒక్కరూ చాలు అనలేదు. టైమయిందని గంట కొట్టేదాకా మెట్టు ఎక్కి దిగి, సలాం చెప్పి వెళ్లిపోయేవారు. మా ఏర్పాట్లు అంత బాగున్నాయన్నమాట అని నేను సంతోషించాను. ప్రశ్నల మేడమ్ మాత్రం ఇదేదో వింతగా ఉందే అంటుండేది.

అలాంటి రోజుల్లో వచ్చాడు కాక. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి, బిల్డింగులకి సెంట్రింగ్ చెక్కలు కొట్టే పని. క్యాంపులో అందరూ కాక అనేవారు, మేమూ అదే అన్నాం. (మా వైపైతే బాబాయి అయ్యేవాడు.) అంతకు ముందటి ఎండాకాలం ఆయన సైట్ మీద కళ్లు తిరిగి పడిపోయాడు. కంపెనీ ముదీర్ అప్పటికి ఊరుకుని, ఇప్పుడు తనే మా దగ్గరికి పంపుతూ, "అక్కడ వేడిలో నిలబడి చూపించు, నిలబడితే పనిలో ఉంటావు, పడితే ఖలాస్" అన్నాడట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే సిస్టరక్క ఆయన్ని గుమ్మం తొక్కనిచ్చేది కాదు. ఇంతకు ముందు ఎప్పుడైనా పడిపోయారా అని ఆవిడ అడిగితే, కాక తడుముకోకుండా లేదన్నాడు.

"మా బిడ్డ గూడ నర్సింగే సదువుతున్నది సిస్టరమ్మా, కరీంనగర్ల" అన్నాడు బీపీ పట్టీ కట్టించుకుంటూ.

"అలాగాండీ! ఏ సంవత్సరం?"

"ఇంక రెండేండ్లున్నది. అది అయిపోయేదాంక నేనీడ నిలవడాలె. అటెన్క ఏమన్న గానీ."

"నిలబడతారు లెండి. చెయ్యి వదులుగా పెట్టండి, మాట్లాడితే ఎక్కువ చూపిస్తుంది."

సంతకం దగ్గర కాగితం చదివి వినిపించాను. కాక శ్రద్ధగా విన్నాడు. చివర్లో, "పాసయినంక కంపెనీకి మీరే జెప్తరా సారూ, నన్నే జెప్పుకొమ్మంటరా?" అన్నాడు. ఇందులో పాసూ ఫెయిలూ ఏమీ లేదు కాకా, మీ పేరు కంపెనీకి మేం చెప్పనే చెప్పం, ఎప్పుడు చాలనిపిస్తే అప్పుడు చాలనండి అని, ప్రశ్నల మేడమ్ నాకు నేర్పిన మాటలన్నీ ఒప్పజెప్పాను. కాక చిరునవ్వు నవ్వాడు. "గట్లనే అంటరు సారూ. లైసెన్సు కాడ గూడ డ్రైవింగ్ సార్లు, ఏం ఫికర్ లేదు, ఆరాంగ నడుపు అన్నరు. ఆరుసార్లు ఫెయిల్ జేసిన్రు." నేను పెద్దగా నవ్వేసి, ఆయన భుజం తట్టి లోపలికి పంపాను.

తందూర్ తలుపు మూసుకుంది. మెట్టు ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. ఉస్తాద్ చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని స్విచ్చుల దగ్గర, డిగ్రీల సారు స్క్రీన్ ముందు, సిస్టరక్క గాజు కిటికీ దగ్గర. నేనూ ప్రశ్నల మేడమూ వెనక కుర్చీల్లో. లోపల కాక చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, గాజు మీద ఆవిరి కమ్మి మనిషి మసకబారాడు. చాలాసేపటికి స్పీకర్లో ఒక మాట వినబడింది. పెద్దగా కాదు, మామూలుగా, ఇంట్లో మనిషితో అన్నట్టు.

"సాలు."

సిస్టరక్క చివాలున లేచింది. "ఆయన చాలంటున్నాడండీ!" అంటుండగానే ఉస్తాద్ మైకు నొక్కి హుషారుగా, "హాఁ చాచా, చాలూ హై, చాలూ హై!" అన్నాడు. అదిగో, వినేశాడు, ఆపేస్తున్నాడు అని సిస్టరక్క గుండె మీద చెయ్యి వేసుకుని మళ్లీ కూర్చుంది. నేను ప్రశ్నల మేడమ్ వైపు తిరిగి, "చూశారా, మనిషి తన భాషలో ఒక్క మాట అన్నాడు, వ్యవస్థ విన్నది" అన్నాను. (ఇంగ్లిషులో ఇంకా గంభీరంగా అన్నాను.) ఆవిడ మెచ్చుకోలుగా నా చెయ్యి పట్టుకుని ఊపింది. సరిగ్గా అప్పుడే కడుపులోని మాత్ర సిగ్నల్ పోయి, డిగ్రీల సారు స్క్రీన్ మీది గీత అడ్డంగా నిలిచింది. వేడి పెరగడం ఆగింది కాబోలని ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. హీటర్లు ఆపాక కూడా వెంటనే తలుపు తియ్యకూడదు, లోపలి వేడి మెల్లగా దిగాలన్నది మా నియమం. అందుకని అందరం తృప్తిగా ఎదురు చూస్తూ కూర్చున్నాం.

"ఇంకా ఎక్కుతున్నాడేంటండీ?" అంది సిస్టరక్క, గాజు తుడిచి చూస్తూ.

"ఉత్సాహం" అన్నాను నేను.

ఆ మాట నా నోట్లో ఉండగానే లోపల చెక్క మెట్టు మీద ఏదో పడ్డ చప్పుడైంది.

తలుపు ఎవరు తీశారో నాకు గుర్తు లేదు. సిస్టరక్క మాత్రం "ప్రభువా, ప్రభువా" అంటూ ఆ సెగలోకి దూరి, తనకంటే పొడుగైన మనిషిని చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చుకొచ్చింది. కాక ఒళ్లు పెనంలా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడటం లేదు. "ఐస్! ఐసేదండీ?" అని అరిచింది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఐస్ తెప్పించే బాధ్యత డిగ్రీల సారుదా, ఆవిడదా అన్నది తేలక వచ్చే మీటింగుకి వాయిదా పడి ఉంది. చివరికి ఉస్తాద్ పరిగెత్తి, ఫ్రిజ్‌లో మా భోజనాల కోసం పెట్టుకున్న లబన్ సీసాలన్నీ తెచ్చాడు. ఆ చల్లని మజ్జిగ సీసాలు కాక మెడ కిందా, చంకల్లోనూ, గజ్జల్లోనూ కుక్కాం. ప్రశ్నల మేడమ్ జీవితంలో మొదటిసారి ఒక్క ప్రశ్నా వెయ్యకుండా, సంతకాల కాగితాల కట్టతో విసురుతూ కూర్చుంది. ఒక సీసా మూత ఊడి, లబన్ కాక గడ్డం మీంచి చెవుల్లోకి కారింది. చూస్తే నవ్వు రావాల్సిన దృశ్యమే. అంబులెన్స్ వచ్చేదాకా ఆ సీసాలు మార్చి మార్చి పెడుతూనే ఉన్నాం.

మనిషి బతికాడు. కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, ఇక ఎండలో పని కుదరదనీ డాక్టర్లు చెప్పారు. ముదీర్ పళ్ల బుట్ట తీసుకుని ఆస్పత్రికి వచ్చాడు. మర్యాదస్తుడే. సిస్టరక్క వరండాలో అతనికి అడ్డం నిలబడి, తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, ఇది మా వల్ల జరిగింది, ఆయన తప్పు కాదు, నీడ పట్టున ఏదైనా పని ఇవ్వండి, రెండేళ్లు ఓపిక పట్టండి అని బతిమాలింది. అతను అంతా విని, "గిరా తో గిరా, సిస్టర్. ఖలాస్" అన్నాడు. పడ్డవాడు పడ్డట్టేనట. మా డైరెక్టరు గారి దగ్గరికి వెళ్తే, ఇతర సంస్థల సిబ్బంది వ్యవహారాల్లో మనం జోక్యం చేసుకోలేమన్నారు. పరీక్ష పెట్టడం జోక్యం కాదా అని సిస్టరక్క నా మీద అరిచింది. అరుస్తుంటే నిలబడి విన్నాను.

ఆ తర్వాత విచారణ మీటింగ్. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. తేమ కొలిచే సెన్సర్ తప్పు చెప్పిందేమో అన్నారు డిగ్రీల సారు. యజమానికీ కూలీకీ మధ్య ఉండే భయం అంది ప్రశ్నల మేడమ్. ఐస్, ఐస్ అంది సిస్టరక్క. ఈసారి ఉస్తాద్‌ని కూడా పిలిచాం. కుర్చీ అంచున కూర్చుని, అతను కళ్లనీళ్లతో ఒకే మాట పట్టుకున్నాడు. "చాచా నే బోలా చాలూ. తో మైనే చాలూ రఖా."

"అదేంటి, చాలు అంటే బంద్ చెయ్యమని నీకు నేనే చెప్పానుగా?" అన్నాను.

ఉస్తాద్ ఇబ్బందిగా కదిలాడు. "ఆప్ నే బోలా థా సాబ్, చాలూ బోలే తో బంద్ కర్నా. మైనే సోచా, సాబ్ కీ హిందీ కమ్‌జోర్ హై."

నా హిందీ అంతంతమాత్రం కాబట్టి మాట తిరగేసి చెప్పాననుకున్నాడన్నమాట. నాకు తెలుగులో చాలు అంటే ఏమిటో తెలుసు, హిందీలో చాలూ అంటే నడుస్తున్నదనీ తెలుసు. ఊళ్లో మోటారు చాలూ చెయ్యమని కాక కూడా అనే ఉంటాడు. అయినా ఆ రెండు మాటలూ నా బుర్రలో ఒకే ఇంట్లో మాటల్లేని తోటికోడళ్లలా ఇన్నేళ్లూ కాపురం చేశాయి. మనిషి ఆపమన్నాడు. ఉస్తాద్ నడుస్తోందిలే అని ధైర్యం చెప్పాడు. అది విని సిస్టరక్క ఆపేశాడనుకుంది. నేను షేక్‌హ్యాండ్ తీసుకున్నాను. ఇదంతా మేడమ్‌కి ఇంగ్లిషులో వివరించేసరికి మొదట ఆవిడకే నవ్వొచ్చింది. తర్వాత సారుకి, నాకు, చివరికి సిస్టరక్కకి కూడా. పొట్ట పట్టుకుని నవ్వాం, ఆపుకోలేకపోయాం. ఉస్తాద్ ఒక్కడే నవ్వలేదు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. (ఆ తర్వాత మాట తీసేసి ఎర్ర బటన్ పెట్టాం. మా నివేదికలో కాక గురించి ఒకే వాక్యం ఉంది, ఒకరు మధ్యలో విరమించుకున్నారని.)

కాక వెళ్లిపోయే ముందు ఒక శుక్రవారం సాయంత్రం క్యాంపుకి వెళ్లాను. దారి పొడుగునా క్షమాపణ మాటలు కూర్చుకున్నాను, అవి మినిట్స్‌లా ఉన్నాయని కూర్చిన కొద్దీ నాకే తెలుస్తోంది. కాక మంచం మీద పెట్టె తెరుచుకుని దుప్పటీ, పౌడర్ డబ్బాలూ సర్దుతున్నాడు, ముఖం ఉబ్బి ఉంది. గదిలోవాళ్లు నాకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు. నేను మొత్తం చెప్పేశాను, మీరన్న మాట అతనికి హిందీలో ఇలా వినబడింది కాకా అని. కోప్పడతాడనుకున్నాను, తిడితే పడదామనే వెళ్లాను. కాక కాసేపు నోరు తెరుచుకుని చూసి, ఒక్కసారిగా ఫక్కున నవ్వాడు.

"ఓ బావా, ఇటు రాండ్రి, సారు ఏం జెప్తున్నడో ఇనున్రి! నేను సాలంటె ఆ ఉస్తాద్ చాలూ అనుకున్నడట!"

గది గదంతా గొల్లుమంది. కింది మంచం మీదతను గరిటె పట్టుకుని, "కాకా, బువ్వ సాలా?" అని అడగడం, పక్కవాడు "చాలూ హై, చాలూ హై!" అంటూ కంచం చాపడం. కాక కళ్లు తుడుచుకుంటూ, దగ్గుతూ నవ్వుతున్నాడు. నా గుండె మీది బరువు దిగినట్టయి నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే, మనసులో మిగిలిపోయిన ప్రశ్న అడిగేశాను.

"మరి ఇంకోసారి గట్టిగా అనాల్సింది కద కాకా! ఎందుకనలేదు?"

కాక దుప్పటి మడత పెట్టి పెట్టెలో పెట్టాడు. మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది.

"ఒకపారి అన్న గద సారూ. ఆయనకు ఇనబడ్డది, అయినా నడిపిస్తున్నడనుకున్న. నేనీడికొచ్చి ఇరువై ఏండ్లాయె. సాలంటె ఆపినోడు ఒక్కడన్న ఉంటె, రెండోపారి అందును."

గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. గరిటె పట్టుకున్నతను దాన్ని తీసుకెళ్లి గిన్నెలో పెట్టాడు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టి, మళ్లీ ఎత్తి, మళ్లీ పెట్టాను. నా అవస్థ చూసి కాకే, "మీరేం పరేషాన్ గాకున్రి సారూ, సిన్నపిల్లలు మీరు" అని నా వీపు నిమిరాడు. ఓదార్చడానికి వెళ్లినవాణ్ణి, ఓదార్పు తీసుకుని రోలా బస్సెక్కాను.

కాక ఇప్పుడు వారం వారం డయాలసిస్‌కి కరీంనగర్ వెళ్లి వస్తుంటాడు. బిడ్డ చదువు మధ్యలో ఆగిపోయింది, ఆ ఆస్పత్రిలోనే కౌంటర్ దగ్గర కూర్చుంటోందని సిస్టరక్క చెప్పింది. నేను మాత్రం ఎదిగాను. ఇప్పుడు అబూధాబీలో ఇంకా పెద్ద టీముల్ని చూసుకుంటున్నాను, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో సంసారం పెట్టాను. మీటింగులు ఇప్పటికీ పెడతాను, కాకపోతే ఎవరు ఏ మూల నుంచి ఏ చిన్న మాటన్నా ఆగి, "ఏమన్నారు? ఇంకోసారి చెప్పండి" అంటాను. టీములో కొత్తగా చేరినవాళ్లు అది నా పద్ధతి అనుకుంటారు. ఇంట్లో కూడా అదే వరస కావడంతో మా ఆవిడకి మాత్రం వేరే అనుమానం వచ్చింది. చెవుల డాక్టరుకి ఒకసారి చూపించుకోమని ఈ మధ్య పోరు పెడుతోంది. సరే వెళ్దాం అన్నాను. నిజానికి ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడిగా ఉన్నప్పుడే వెళ్లి ఉండాల్సింది.